పళ్ళు చూసి ఎద్దు, నంబరు చూసి ల్యాప్‌టాప్

మన్యంలో సంతకు వెళ్ళి ఎద్దును కొనే రైతు తొందరపడడు. ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా అన్నది తేలాకే ధర మాట. తర్వాత మూపు మీద చెయ్యి వేసి కాడి పుండ్లు ఉన్నాయేమో తడిమి చూస్తాడు. గిట్టలు చూస్తాడు. నాలుగడుగులు నడిపిస్తాడు. ఎవరి కొట్టంలో పెరిగిందో, ఎందుకు అమ్ముతున్నారో అడుగుతాడు. ఆ ఎద్దు నిన్నటిదాకా వేరొకరి చేలో దున్నిందని ఎవరూ చిన్నచూపు చూడరు. పని నేర్చిన ఎద్దని నాలుగు డబ్బులు ఎక్కువే పెడతారు.

అదే ఇంట్లో పిల్లలు డిగ్రీలో చేరి ల్యాప్‌టాప్ కావాలన్నప్పుడు ఈ జాగ్రత్త ఎవరికీ గుర్తుకు రాదు. ‘కొత్తదైతే చాలు, ఏదైనా పర్వాలేదు’ అని కొందరు, ‘చవగ్గా వస్తే చాలు, ఏదైనా పర్వాలేదు’ అని కొందరు కొనేస్తున్నారు. రెండు దారుల్లోనూ నష్టపోయేది ఇంటివాళ్ళే. కంపెనీల్లో కొన్నాళ్ళు వాడి, బాగుచేసి మళ్ళీ అమ్మకానికి వచ్చిన రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ అరకు, పాడేరు వైపు విద్యార్థికి మంచి బేరమే. కాకపోతే ఎద్దును చూసినట్టే దాన్నీ చూడడం తెలియాలి. అదెలాగో ఒక్కొక్కటిగా చెప్పుకుందాం.

ఇప్పుడే ఎందుకు ఈ మాట

2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ళ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు ఇవ్వడం మొదలుపెట్టింది. 2023 జూన్‌లో ఒకేసారి ప్రారంభించిన 100 4జీ టవర్లలో 85 అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. ఆనాడు ట్యాబు పట్టుకున్న పిల్లలు పదో తరగతి దాటి, డిగ్రీ గడపకు దగ్గరవుతున్నారు. పాఠం వినడానికి ట్యాబు సరిపోతుంది, ఫోనూ సరిపోతుంది. బీకాం విద్యార్థి ట్యాలీ నేర్చుకోవాలన్నా, బీఎస్సీ కంప్యూటర్స్ అమ్మాయి ప్రోగ్రాము రాసి నడిపించాలన్నా, ఎవరైనా ప్రాజెక్టు రిపోర్టు టైపు చేయాలన్నా కీబోర్డు ఉన్న మిషను కావాలి.

కొత్త మిషను ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది. పనికొచ్చే కొత్త ల్యాప్‌టాప్ 35,000 రూపాయలకు తక్కువలో దొరకడం కష్టం. 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు పెరగడంతో ఆ భారం ఇంకాస్త పెరిగింది. ప్రపంచమంతా కడుతున్న ఏఐ డేటా సెంటర్లు ఆ చిప్పులను టోకుగా కొనేస్తుండడం దీనికి ముఖ్య కారణం. మన విశాఖపట్నానికి గూగుల్ 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రం ప్రకటించినది 2025 అక్టోబరు 14న. సరిగ్గా అదే రోజున మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆపేసింది. ఈ రెండో సంగతికి పాత మిషన్ల మార్కెట్‌తో నేరుగా లంకె ఉంది. దాని దగ్గరికి కాసేపట్లో వద్దాం.

సెకండ్‌హ్యాండ్ వేరు, రీఫర్బిష్డ్ వేరు

ఈ రెండు మాటలను చాలామంది ఒకటే అనుకుంటారు. తెలిసినవాళ్ళు తమ పాత ల్యాప్‌టాప్‌ను ఉన్నదున్నట్టు మీకు అమ్మితే అది సెకండ్‌హ్యాండ్. రీఫర్బిష్డ్ అన్నది ఒక దారి గుండా వచ్చిన సరుకు. హైదరాబాద్ మాదాపూర్ లాంటి చోట్ల ఐటీ కంపెనీలు వందల ల్యాప్‌టాప్‌లను ఒకేసారి తీసుకుని, మూడు నాలుగేళ్ళు వాడి, గడువు తీరగానే టోకున వదిలించుకుంటాయి. వాటిని కొన్న వ్యాపారి లోపలి డేటా తుడిచేసి, దుమ్ము దులిపి, అరిగిన కీబోర్డో బ్యాటరీయో మార్చి, కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి, పరీక్షించి, వారంటీతో అమ్ముతాడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే అందరూ సీటీసీ అనే చోటు, ఇలాంటి కంప్యూటర్ సరుకుకు తెలుగువాళ్ళకు బాగా తెలిసిన అడ్డా.

కేంద్ర ప్రభుత్వం కూడా ఈ పనిని గుర్తించింది. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు తయారీదారు, రీసైక్లర్‌లతో పాటు రీఫర్బిషర్‌ను కూడా రిజిస్టర్ చేసుకోవాల్సిన ఒక వర్గంగా పెట్టాయి.

అయితే పైపైన తుడిచి స్టిక్కరు అతికించి ‘రీఫర్బిష్డ్’ అనే దుకాణాలూ ఉన్నాయి. ‘ఏ గ్రేడ్’, ‘బి గ్రేడ్’ అని వాళ్ళు చెప్పేది చాలావరకు ఒంటి మీద గీతల సంగతే. గీతలు లేనంత మాత్రాన లోపల ఆరోగ్యంగా ఉందని అర్థం కాదు.

ఘాట్ రోడ్డు లెక్క

అరకులోయ నుంచి విశాఖకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. అనంతగిరి ఘాట్ దిగి, శృంగవరపుకోట మీదుగా వెళ్ళి, పని చూసుకుని తిరిగొచ్చేసరికి రోజు గడిచిపోతుంది. లోయకు అవతల పంచాయతీల నుంచి వచ్చేవాళ్ళకైతే రెండు రోజులు. బస్సు చార్జీలు, తిండి, పోయిన కూలి అన్నీ కలిపితే, ఒక్కసారి మరమ్మతుకు దిగి ఎక్కడమంటే చిన్న ఖర్చేమీ కాదు. నగరంలో ఉన్నవాళ్ళకు ఈ లెక్క లేదు. మనం ల్యాప్‌టాప్ ధరతో పాటు ఈ ప్రయాణాల ధర కూడా కట్టుకోవాలి.

ఆ లెక్కలో చూస్తే, అన్నిటికంటే చవకైన కొత్త ల్యాప్‌టాప్ చాలాసార్లు ఖరీదైనదిగా తేలుతుంది. అలాంటి వాటిలో 4 జీబీ ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచలేం. ఎస్‌ఎస్‌డీ బదులు నెమ్మదిగా నడిచే 64 జీబీ నిల్వ పెడతారు. ప్లాస్టిక్ మడతబందులు త్వరగా పగలవచ్చు. ఏదైనా పాడైతే ఆ భాగం విడిగా దొరకదు.

కంపెనీల కోసం తయారైన మోడళ్ళు అలా ఉండవు. లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 ఇందుకు మంచి ఉదాహరణలు. మూడూ 2018 నాటివి. మూడింటికీ ర్యామ్ పెట్టే గళ్ళు రెండేసి ఉన్నాయి. అడుగు మూత స్క్రూలు తీస్తే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ చేతికందుతాయి. లక్షల సంఖ్యలో అమ్ముడైన మోడళ్ళు కాబట్టి స్పేర్ పార్టులకు కొదవ లేదు. థింక్‌ప్యాడ్ టీ480కి లోపల ఒక బ్యాటరీ, బయటి నుంచి తీసి పెట్టగల బ్యాటరీ ఇంకొకటి ఉంటాయి. మిషను ఆపకుండానే బయటి బ్యాటరీ మార్చుకోవచ్చు. గాలివానకు చెట్టు కూలి గంటల తరబడి కరెంటు పోయే ఊళ్ళలో ఇది ఎంత అక్కరకొస్తుందో చెప్పనక్కర్లేదు.

8వ జనరేషన్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీతో ఇలాంటి మిషన్లు సుమారు 15,000 నుంచి 22,000 రూపాయల మధ్య దొరుకుతాయి. దుకాణాన్ని బట్టి, కండిషన్‌ను బట్టి అటూ ఇటూ అవుతుంది.

పళ్ళు ఎక్కడ చూడాలి

ల్యాప్‌టాప్ వయసు దాని ప్రాసెసర్ నంబరులో ఉంటుంది. దుకాణంలో ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ‘ఐ7 అండీ, ఐ5 కన్నా పెద్దది’ అంటారు. ఆ ఐ7 పన్నెండేళ్ళ కిందటిది కావచ్చు. మూడో జనరేషన్ ఐ7 కన్నా ఎనిమిదో జనరేషన్ ఐ5 చాలా మేలు. అందుకే ఐ5, ఐ7 అన్న మాట దగ్గర ఆగకుండా, దాని పక్కనున్న పూర్తి నంబరు చదవాలి.

చదవడం తేలికే. ఐ5-8250యూ అని ఉంటే, గీత తర్వాత వచ్చే మొదటి అంకె 8. అది 8వ జనరేషన్. ఐ5-6300యూ అంటే 6వది. ఆ మొదటి అంకె 1 అయితే మాత్రం రెండంకెలు కలిపి చదవాలి. ఐ5-10210యూ అంటే 10వది, ఐ5-1135జీ7 అంటే 11వది. ఒంటి మీద స్టిక్కరును నమ్మకండి, దాన్ని ఎవరైనా మార్చి అతికించగలరు. మిషను ఆన్ చేయించి, సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’, అందులో ‘అబౌట్’ తెరిచి మీ కళ్ళతో చదవండి. మోడల్ పేరును నమ్ముకున్నా చాలదు. పైన చెప్పిన 2018 నాటి మోడళ్ళలో 7వ జనరేషన్ చిప్పుతో వచ్చినవీ ఉన్నాయి.

8 అన్న అంకె దగ్గర ఇంత పట్టుదల ఎందుకంటే, విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో 8వ జనరేషన్ నుంచే అధికారికంగా నడుస్తుంది. ఒకటి రెండు మినహాయింపులు తప్ప, అంతకు ముందువాటికి ఆ అర్హత లేదు. ఏఎండీ రైజెన్ అయితే 3000 వరుస, ఆ పైన చూసుకోవడం మేలు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, ఇళ్ళలో వాడేవారికి ఇచ్చిన ఏడాది అదనపు భద్రతా గడువు కూడా 2026 అక్టోబరు 13తో ముగుస్తుంది. దీనివల్ల 6, 7 జనరేషన్ల మిషన్లను కంపెనీలు గంపగుత్తగా వదిలించుకుంటున్నాయి. ‘పదివేలకే ఐ5’ అన్న బోర్డుల వెనక ఉన్నవి ఎక్కువగా ఇవే. అప్‌డేట్లు లేని మిషనులో బ్యాంకు పనులు చేయడం తలుపు గడియ లేని ఇంట్లో డబ్బు పెట్టుకోవడమే.

అలాగని అవి పనికిరానివీ కావు. లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే ఆ పాత మిషన్లు భద్రంగా, చురుగ్గా నడుస్తాయి. ఉబుంటు, లైనక్స్ మింట్ అందులో బాగా తెలిసిన రకాలు. పైథాన్, సీ, జావా నేర్చుకునేవాళ్ళకూ, టైపింగ్, నోట్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల వరకు చాలనుకునేవాళ్ళకూ అది హాయిగా సరిపోతుంది. ట్యాలీ కావాల్సిన బీకాం విద్యార్థి మాత్రం విండోస్ ఉన్న మిషనే కొనుక్కోవాలి.

దుకాణంలో అరగంట

కొనే ముందు కనీసం అరగంట మిషను మీ చేతిలో ఉండాలి. పరీక్షించనివ్వని దుకాణంలో కొనకండి. వెంట ఒక పెన్‌డ్రైవ్, ఇయర్‌ఫోన్, నెట్ ఉన్న ఫోను తీసుకెళ్ళండి.

మొదట ల్యాప్‌టాప్ మూసి చదునైన బల్ల మీద పెట్టండి. ఊగుతోందా? టచ్‌ప్యాడ్ కాస్త పైకి ఉబ్బిందా? అయితే లోపల బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. ఉబ్బిన బ్యాటరీ నిప్పు పుట్టించగలదు. ధర ఎంత తగ్గించినా వద్దని చెప్పి లేవండి. తర్వాత మూత తెరిచి మెల్లగా వెనక్కీ ముందుకీ కదపండి. వదిలిన చోట నిలబడాలి, కిర్రుమనకూడదు.

ఇక బ్యాటరీ బలం. ఇది కంటికి కనిపించదు గానీ, అడిగితే మిషనే చెబుతుంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిషులో ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని ఎనిమిదక్షరాలు, తర్వాత ఖాళీ, తర్వాత ముందుకు వాలిన గీత, దానికి ఆనించి ‘బ్యాటరీరిపోర్ట్’ అని టైపు చేస్తే ఒక నివేదిక తయారవుతుంది. అందులో రెండు అంకెలు చూడండి. ‘డిజైన్ కెపాసిటీ’ అంటే పుట్టినప్పటి బలం. ‘ఫుల్ చార్జ్ కెపాసిటీ’ అంటే ఇప్పుడు మిగిలిన బలం. మొదటిది 50,000, రెండోది 35,000 ఉంటే, నూటికి డెబ్బై పాళ్ళు మిగిలిందని లెక్క. డెబ్బైకి తక్కువైతే కొత్త బ్యాటరీ వేసివ్వమనండి, లేదా ఆ మేరకు ధర తగ్గించమనండి. నగరంలో ఎప్పుడూ ప్లగ్గు పక్కనే ఉండేవాళ్ళు దీన్ని వదిలేసినా ఏమీ కాదు. కరెంటు నమ్మకం లేని ఊళ్ళో ఉండేవాళ్ళు వదలకూడదు. పరీక్ష జరుగుతున్నంతసేపూ చార్జర్ తీసేసి వీడియో పెట్టి చూడండి. నిమిషానికో పాయింటు పడిపోతుంటే ఆ నివేదిక ఏం చెప్పినా నమ్మొద్దు.

నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి మీటా ఒకసారి నొక్కండి. విదేశాల నుంచి వచ్చిన కొన్ని మిషన్లలో కీబోర్డు అమరిక మనం వాడేదానికి వేరుగా ఉంటుంది. మూడు మీద పౌండు గుర్తు కనిపిస్తే అది బ్రిటన్ అమరిక. పనికిరాదని కాదు, తెలిసి కొనాలి. తెర మీద మొత్తం తెలుపు, మొత్తం నలుపు బొమ్మలు పెట్టి మచ్చలు చూడండి. ప్రతి యూఎస్‌బీ గూటిలో పెన్‌డ్రైవ్ పెట్టండి. కెమెరా, మైకు, స్పీకరు చూడండి. టైప్-సి గూటి నుంచి చార్జింగ్ ఎక్కుతోందో లేదో చూడండి. థింక్‌ప్యాడ్ టీ480 తరంలో ఈ గూటిని నడిపే పాత ఫర్మ్‌వేర్‌లో లోపం ఉండేది, లెనోవో దానికి అప్‌డేట్ ఇచ్చింది. అది వేశారా అని అడగండి. ఆ మాట అడిగితే చాలు, మీరు తెలిసినవారేనని అమ్మేవారికి అర్థమవుతుంది.

ఎవరి కొట్టంలోది అన్న ప్రశ్న

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్షను చాలామంది చేయరు. కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌లను ఇంటర్నెట్ ద్వారా అదుపులో పెట్టుకుంటాయి. అమ్మేటప్పుడు ఆ బంధం తెంచాలి. తెంచకపోతే, మీరు ఎప్పుడో విండోస్ రీసెట్ చేసి నెట్ కలిపిన రోజున తెర మీద ఎవరిదో కంపెనీ పేరు, పాస్‌వర్డ్ గడి ప్రత్యక్షమవుతాయి. ఆ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండదు, అమ్మినవారి దగ్గరా ఉండదు. అంతటితో మిషను తలుపు మూసుకుపోతుంది.

కాబట్టి దుకాణంలోనే విండోస్‌ను మొదటి నుంచి రీసెట్ చేయించి, మీ ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి, మీ పేరుతో తెరిపించుకోండి. ఇంకో అరగంట పట్టినా ఫర్వాలేదు. విండోస్ కన్నా ముందు తెరుచుకునే బయోస్ సెట్టింగులు తెరిచి వాటికి పాస్‌వర్డ్ లేదని చూసుకోండి. అందులో కనిపించే సీరియల్ నంబరు, అడుగున స్టిక్కరు మీద నంబరు, బిల్లు మీద నంబరు మూడూ ఒకటే కావాలి. దొంగ సరుకు కాదనడానికి మీ దగ్గర ఉండే రుజువు అదే. విండోస్ యాక్టివేషన్ కూడా చూడండి. కంపెనీ మోడళ్ళలో అసలు లైసెన్సు సాధారణంగా బోర్డులోనే ఉంటుంది, నెట్ కలపగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. దొంగ సాఫ్ట్‌వేర్‌తో యాక్టివేట్ చేసి ఇస్తామంటే ఒప్పుకోకండి, వైరస్‌లు దూరే దారి అదే.

బిల్లు, వారంటీ, హక్కు

‘బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తాను’ అన్న మాటకు లొంగకండి. సీరియల్ నంబరుతో బిల్లు, ఎన్ని నెలల వారంటీయో, బ్యాటరీకి వర్తిస్తుందో లేదో కాగితం మీద రాయించుకోండి. మిషను పాడైతే మనమే మోసుకెళ్ళాలా, కొరియర్‌లో పంపితే చాలా అన్నది తప్పక అడగండి. అరకులో ఉండేవారికి ఆరు నెలల కొరియర్ వారంటీ, ఏడాది పాటు దుకాణం చుట్టూ తిరిగే వారంటీ కన్నా విలువైనది.

అమ్మినవారు మాట తప్పితే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కొండవాళ్ళకు ఒక మంచి వీలు కల్పించింది. దుకాణం ఏ ఊళ్ళో ఉన్నా, కొన్నవారు నివసించే చోటి కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. బిల్లు ఉంటేనే ఈ హక్కు అక్కరకొస్తుంది.

ఎప్పుడు వద్దు

రీఫర్బిష్డ్ అందరికీ తగినది కాదు. ఇంజనీరింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ళకు ఇంకా బలమైన మిషను కావాలి. కొత్తదాని ధరలో మూడింట రెండు వంతులు పాతదానికే అడుగుతుంటే కొత్తదే మేలు. ఏడాదికి రెండు దరఖాస్తులు నింపడమే పనైతే అప్పు చేసి ల్యాప్‌టాప్ కొనక్కర్లేదు. సచివాలయానికో మీసేవకో వెళ్తే సరిపోతుంది.

ఇక మన కొండల మాట. తెల్లగా మెరిసే ల్యాప్‌టాప్ మూతల్లో అల్యూమినియం ఉంటుంది. అల్యూమినియం బాక్సైట్ నుంచి వస్తుంది. ఆ బాక్సైట్ కోసం ఈ కొండలను తవ్వుతామంటే మన్యం ప్రజలు ఏళ్ళ తరబడి కాదన్నారు. గిరిజన భూములను ప్రైవేటు గనులకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 1997లో చెప్పిన సమత తీర్పు అనంతగిరి మండలం బొర్రా వైపు గనుల లీజుల కేసులోనే వచ్చింది. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతిగా రీసైకిల్ అయినట్టు నమోదైంది నూటికి 22 పాళ్ళే. ఒక ల్యాప్‌టాప్ వల్ల గాలిలో కలిసే కార్బన్‌లో ఎక్కువ భాగం దాని తయారీలోనే పుడుతుంది. కాబట్టి బాగున్న మిషనును మరో నాలుగేళ్ళు నడిపితే డబ్బు మిగులుతుంది, ఎక్కడో ఒక కొండ మీద ఆ మేరకు తవ్వకమూ తగ్గుతుంది. చచ్చిపోయిన బ్యాటరీని మాత్రం గెడ్డలోనో పొలం గట్టునో పారేయకండి. నగరానికి వెళ్ళినప్పుడు ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చి రండి.

కాఫీ డబ్బులు చేతికి వచ్చాక పిల్లల కోసం ల్యాప్‌టాప్ కొనడానికి విశాఖ దిగే తల్లిదండ్రులకు ఒక్క మాట. చీటీ మీద ఈ నాలుగు రాసుకుని జేబులో పెట్టుకోండి: 8వ జనరేషన్ లేదా ఆ పైన, 8 జీబీ ర్యామ్, డెబ్బై పాళ్ళకు తగ్గని బ్యాటరీ, సీరియల్ నంబరున్న బిల్లు. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోతే ఖాళీ చేతులతో తిరిగొచ్చినా నష్టం లేదు. నాలుగూ కుదిరితే, దుకాణంలోనే నెట్ కలిపి, పిల్లల పేరుతో తెరిపించి, అప్పుడే డబ్బు చేతిలో పెట్టండి. పరీక్షలన్నీ ఘాట్ ఎక్కకముందే పూర్తి కావాలి.